నరం ముక్క తీయించుకోవాలా, వద్దా: నా అనుభవం

నరం బయాప్సీ చేద్దామని డాక్టరు అన్నప్పటి నుంచి నేను సరేనని సంతకం పెట్టేదాకా ఏమేం ఆలోచించానో, ఎవరిని ఏం అడిగానో రాస్తున్నాను. బయాప్సీ అనగానే మా ఇంట్లో అందరి మొహాలూ మారిపోయాయి. మా వైపు ఆ మాట వినబడేది క్యాన్సర్ విషయంలోనే. నరానికి కూడా బయాప్సీ ఉంటుందని, అది క్యాన్సర్ కోసం కాదని మాకు అర్థం కావడానికే కొంత సమయం పట్టింది.

నేను తెనాలిలో జాకెట్లు, డ్రెస్సులు కుడతాను. ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని. ముందు కుడిచేతి చిటికెన వేలు మొద్దుబారింది. తర్వాత దాని పక్కనున్న ఉంగరపు వేలులో సగం. రాత్రిపూట చేయి ఒత్తిడి పడి పట్టే తిమ్మిరి లాంటిది కాదు, విదిలిస్తే పోయేది కాదు. హుక్కులు కుట్టేటప్పుడు గుడ్డను అదిమి పట్టేది ఆ రెండు వేళ్లే కాబట్టి నాకు వెంటనే తేడా తెలిసింది. ఒక సాయంత్రం ఇస్త్రీ పని ముగించి చూసుకుంటే అరచేతి అంచున రూపాయి బిళ్లంత బొబ్బ. ఎప్పుడు కాలిందో తెలియదు. చురుక్కుమనలేదు.

దగ్గర్లోని డాక్టరు నరాల బలహీనత అని బీ12 ఇంజెక్షన్లు రాశారు. అవి అయిపోయాయి, వేలు అలాగే ఉంది. ఎముకల డాక్టరు మోచేతి దగ్గర నరం నొక్కుకుపోతోందేమో అన్నారు, అవసరమైతే చిన్న ఆపరేషన్‌తో వదులు చేయొచ్చన్నారు. ఆ మాటలోనూ అర్థం ఉంది. చిటికెన వేలికి వెళ్లే అల్నార్ నరం మోచేతి లోపలివైపు ఎముక వెనకగా చర్మం కిందే వెళ్తుంది, అక్కడ నొక్కుకుపోవడం చాలామందికి ఉండేదే.

అయితే ఈలోగా ఎడమ కాలు మొదలైంది. పాదం బయటి అంచు, చిటికెన వేలి వైపు, కొన్ని వారాలు మంట పెట్టింది. ఆ మంట తగ్గి అక్కడ స్పర్శ పోయింది. మార్కెట్‌కి వెళ్లి వస్తుంటే ఎడమ చెప్పు జారిపోయింది, వెనకనుంచి ఎవరో పిలిచి చెప్పేదాకా నాకు తెలియలేదు. మోచేతి దగ్గర నొక్కుకుంటే పాదానికి ఎందుకు వస్తుంది? ఆ ప్రశ్నతోనే గుంటూరులో న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాం.

ఆవిడ ముందు మందు రాయలేదు. దూదితో, సూదితో, సన్నని నైలాన్ తీగలాంటి దానితో చేతులూ కాళ్లూ అంతా తాకుతూ ఎక్కడ తెలుస్తోంది, ఎక్కడ తెలియడం లేదు అని పెన్నుతో గీతలు గీశారు. తర్వాత రక్త పరీక్షలు. షుగర్ లేదు, హెచ్‌బీఏ1సీ మామూలుగా ఉంది. థైరాయిడ్, బీ12, కిడ్నీ, హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ అన్నీ సవ్యంగానే వచ్చాయి. నేను వాడిన మందులన్నీ అడిగారు, ఎందుకంటే కొన్ని మందులు కూడా నరాలను దెబ్బతీస్తాయట. టీబీకి వాడే ఐసోనియాజిడ్, కొన్ని క్యాన్సర్ మందులు అలాంటివి. నేను అవేమీ వాడలేదు. ఒంట్లో ఎక్కడైనా వాపు ఉందేమో సూచించే ఈఎస్ఆర్ మాత్రం కాస్త ఎక్కువగా ఉంది.

ఆ తర్వాత నరాల కరెంటు పరీక్ష, అంటే నర్వ్ కండక్షన్ స్టడీ. చిన్న చిన్న షాకులు కొడతారు, నరంలో సంకేతం ఎంత వేగంగా, ఎంత బలంగా వెళ్తోందో కంప్యూటర్‌లో గీతలు పడతాయి. చిరాగ్గా ఉంటుందిగానీ భరించలేనిది కాదు. నా కుడిచేతి అల్నార్ నరం బలహీనంగా ఉంది. పాదం బయటి అంచుకి స్పర్శనిచ్చే సూరల్ నరం నుంచి ఎడమ కాలిలో అసలు స్పందనే రాలేదు. కుడి కాలి సూరల్ నరం మాత్రం బాగానే ఉంది.

ఈ చివరి మాట దగ్గర డాక్టరు గారు ఆగారు. ఆవిడ వివరించింది నాకు అర్థమైనంత మేరకు ఇది. షుగర్ లాంటి వాటివల్ల వచ్చే మొద్దుబారడం సాధారణంగా రెండు పాదాలకీ సమానంగా, వేళ్ల నుంచి మొదలై సాక్సు తొడిగినంత మేర మెల్లగా పైకి పాకుతుంది. అలాంటిదానికి నరం బయాప్సీ చేసి తెలుసుకునేది చాలా తక్కువ, ఎవరూ త్వరగా ఆ మాట ఎత్తరు. నాది అలా లేదు. ఒక చేతిలో ఒక నరం, ఎదురు కాలిలో ఇంకో నరం, విడివిడిగా, ఒకదాని తర్వాత ఒకటి. దీన్ని మోనోన్యూరైటిస్ మల్టిప్లెక్స్ అంటారట. ఈ రకంలో కారణం కనిపెట్టి తీరాలి, ఎందుకంటే ఊరుకుంటే మూడో నరం పోవచ్చు.

ఆవిడకు రెండు అనుమానాలు ఉన్నాయి. ఒకటి వాస్కులైటిస్. నరాలకు రక్తం అందించే సన్నని రక్తనాళాలు వాచి, నరం లోపల రక్తం అందక చచ్చిపోవడం. పాదంలో మంటతో మొదలవడం, ఈఎస్ఆర్ పెరగడం దానివైపు చూపిస్తున్నాయి. రెండోది చెప్పడానికి ముందు నా మోచేతి వెనక వేలితో తడిమి, నా వేలు కూడా అక్కడ పెట్టించారు. రెండో చేతికన్నా అక్కడ నరం లావుగా, తాడులా తగులుతోంది. "అమ్మా, ఒంటిమీద మచ్చ లేకుండా నరాల్లో మాత్రమే ఉండే కుష్ఠు కూడా ఉంటుంది. అది కూడా చూడాలి" అన్నారు.

నేను ఏమీ మాట్లాడలేకపోయాను. మా ఆయన, "మచ్చే లేదు కదండీ" అన్నారు. ఒళ్లంతా వెలుతురులో చూశారు, నిజంగానే మచ్చ లేదు. చెవి తమ్మె, మోచేయి దగ్గర చర్మాన్ని కొద్దిగా గీసి స్మియర్ తీశారు, అందులో క్రిములు కనబడలేదు. కానీ నరాల్లో మాత్రమే ఉండే రకంలో స్మియర్ ఇలా ఖాళీగా రావడం మామూలేనట. వాస్కులైటిస్ విషయంలోనూ ఇదే పరిస్థితి. ఏఎన్ఏ, ఏఎన్‌సీఏ అనే రక్త పరీక్షలు నెగెటివ్ వచ్చాయి. ఆ జబ్బు నరాలకే పరిమితమైతే రక్తంలో ఆనవాలు దొరక్కపోవచ్చు. అంటే రెండు అనుమానాలూ మిగిలే ఉన్నాయి, రెండింటికీ రుజువు నరం లోపలే ఉంది.

అప్పుడు బయాప్సీ మాట వచ్చింది. నాకు ఆలోచించుకోవడానికి సమయం ఇచ్చారు, ఎక్కువ ఆలస్యం చేయొద్దని కూడా చెప్పారు.

ఇంటికొచ్చి ఒక నోట్‌బుక్‌లో ప్రశ్నలు రాసుకున్నాను. మా అమ్మాయి ఫోన్‌లో చూసి కొన్ని చేర్చింది. మళ్లీ వెళ్లినప్పుడు డాక్టరు గారు వాటిని విసుక్కోకుండా ఒక్కొక్కటే చదివి జవాబు చెప్పారు, అందుకు ఆవిడకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఏ నరం తీస్తారు అన్నది మొదటి ప్రశ్న. కండరాలను కదిలించే నరాన్ని తీయరు, స్పర్శ మాత్రమే చూసే నరాన్ని ఎంచుకుంటారు. అదీ జబ్బు పడిన నరమే అయ్యుండాలి, బాగున్న నరంలో వెతికితే ఏం దొరుకుతుంది? నా విషయంలో రెండు దారులు ఉన్నాయి. బయటి చీలమండ వెనక ఉండే సూరల్ నరం ఒకటి. మణికట్టు దగ్గర చేతి వెనకవైపుకి వెళ్లే అల్నార్ నరపు కొమ్మ ఇంకొకటి. చేతిది మాత్రం వద్దన్నాను. ఆ వేళ్లలో మిగిలిన కాస్త స్పర్శతోనే నాకు అన్నం పుడుతోంది. పాదం బయటి అంచు ఎలాగూ మొద్దుబారిపోయింది, కరెంటు పరీక్షలో ఆ నరం పలకలేదు. పోయినదాన్నే తీస్తే కొత్తగా పోయేది తక్కువ. డాక్టరు గారూ కాలిదే మేలన్నారు.

శాశ్వతంగా ఏం పోతుంది? పాదం బయటి అంచున ఒక పట్టీ మేర స్పర్శ ఇక రాదు. మందులతో జబ్బు తగ్గినా ఆ చోట తిరిగి వచ్చే అవకాశాన్ని వదులుకున్నట్టే. కొంతమందికి కోసిన చోట నొప్పి, జివ్వుమనడం నెలల తరబడి ఉంటుంది, కొద్దిమందికి ఇంకా ఎక్కువకాలం. గాయం చీము పట్టొచ్చు, పాదం దగ్గర మానడం ఆలస్యం. ఇవన్నీ చెప్పాక, "నడకకు ఇబ్బంది ఉండదు, ఆ నరం కాలిని కదిలించదు" అన్నారు.

తీశాక కూడా ఏమీ తేలకపోతే? ఇది నన్ను బాగా బాధపెట్టిన ప్రశ్న. తేలకపోవచ్చని ఆవిడ నేరుగా చెప్పారు. వాస్కులైటిస్ నరమంతా ఒకేలా ఉండదు, అక్కడక్కడ మచ్చలుగా ఉంటుంది. తీసిన ముక్కలో అది లేకపోవచ్చు. నరం దెబ్బతింది, కారణం కనబడలేదు అని రిపోర్టు రావచ్చు. అలా వస్తే లేదని అర్థం కాదు, దొరకలేదని మాత్రమే అర్థం.

ఇక నా నిర్ణయాన్ని మలుపు తిప్పిన ప్రశ్న మా అన్నయ్యది. వాడు హైదరాబాద్‌లో ఉంటాడు, ఫోన్‌లో అన్నాడు, "కోయడం ఎందుకు? ముందు స్టెరాయిడ్ వాడి చూస్తే సరిపోతుంది కదా, తగ్గితే ఆ జబ్బే అనుకోవచ్చు." నాకూ అది తెలివైన మాటగానే తోచింది. డాక్టరు గారిని అదే అడిగాను. ఆవిడ చెప్పింది విన్నాక నాకు దారి కనబడింది. వాస్కులైటిస్‌కి స్టెరాయిడే ముఖ్యమైన మందు. కుష్ఠులో నరం వాచినప్పుడు కూడా స్టెరాయిడ్ ఇస్తారు, దానికీ వాపు తగ్గుతుంది. అంటే రెండింటిలో ఏదైనా నాకు కొంచెం మేలు కనబడుతుంది, ఏ జబ్బో మాత్రం తెలియదు. వాస్కులైటిస్ అనుకుని ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు, దానితోపాటు సైక్లోఫాస్ఫమైడ్ లాంటి బలమైన మందు నెలలపాటు ఇస్తే, నరంలో ఉన్నది కుష్ఠు క్రిమి అయిన పక్షంలో దాన్ని చంపే మందు పడకుండా శరీరంలోని నిరోధక శక్తిని మాత్రం అణచినట్టవుతుంది. అటువైపు, కుష్ఠు మందులు మాత్రమే ఇస్తూ కూర్చుంటే, ఉన్నది వాస్కులైటిస్ అయితే ఇంకో నరం పోతుంది.

ఆ రాత్రి పడుకుని ఇదే తిప్పి తిప్పి ఆలోచించాను. ఫలితం ఏదొచ్చినా అదే మందు వాడేటట్టయితే నేను ఒప్పుకునేదాన్ని కాదు. ఇక్కడ ఫలితాన్ని బట్టి మందు పూర్తిగా మారిపోతుంది. పాదం అంచున ఒక పట్టీ ఇచ్చి చేతులు కాపాడుకునే బేరం అది.

అయినా ఒకసారి ఇంకొకరి మాట విందామని అన్నయ్య హైదరాబాద్ తీసుకెళ్లాడు. అక్కడి న్యూరాలజిస్టు కాగితాలన్నీ చూసి నరాలకు అల్ట్రాసౌండ్ చేయించారు. నొప్పి లేదు, కోత లేదు. అల్నార్ నరం మోచేతికి కాస్త పైదాకా లావుగా ఉన్నట్టు అందులో కనబడింది. నొక్కుకుపోవడం వల్ల అయితే ఆ లావు ఎముక పక్కన ఆ కొంచెం చోటే ఉంటుందని, ఇలా పైదాకా ఉండటం కుష్ఠు అనుమానాన్ని పెంచుతోందని అన్నారు. చర్మం నుంచి మూడు మిల్లీమీటర్ల ముక్క తీసే పరీక్ష ఉందని విన్నానని మా అమ్మాయి అడిగితే, అది కరెంటు పరీక్షకు అందని అతి సన్నని నరాల జబ్బు కోసమని, మాకు కావలసిన జవాబు అందులో దొరకదని చెప్పారు. కాలి నరమే తీయించుకోమన్నారు.

డాక్టర్ల మాటలు తేలాయి, ఇంట్లో మాటలు తేలలేదు. మా అమ్మది రేపల్లె దగ్గర పల్లె. ఆవిడ చిన్నప్పుడు ఊళ్లో ఒకాయన్ని పెద్దరోగమని ఊరి బయట గుడిసెలో ఉంచారట, తర్వాత బాపట్లలో సాల్వేషన్ ఆర్మీ వాళ్ల ఆసుపత్రికి తీసుకెళ్లారట. "అమ్మాయ్, కోయించుకుని మరీ ఆ పేరు పైకి తెచ్చుకుంటావా? పెళ్లికెదిగిన పిల్ల ఉంది ఇంట్లో" అంది. కోపంతో అనలేదు, ఏడుస్తూ అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. తెలుసుకోకుండా ఉంటే ఆ పేరు మా ఇంటికి రాదు కదా అని నాకూ అనిపించిన క్షణాలు ఉన్నాయి.

మా అమ్మాయే తేల్చేసింది. "అమ్మమ్మా, పేరు తెలియకపోతే జబ్బు ఉండదా? అమ్మ చెయ్యి వంకర పోతే అప్పుడు దాస్తావా?" అని అడిగింది. 1980లలో బహుళ ఔషధ చికిత్స వచ్చిన దగ్గర్నుంచి ఇది పూర్తిగా నయమయ్యే జబ్బని, నూటికి 95 మందికి సహజంగానే దీన్ని తట్టుకునే శక్తి ఉంటుందని, మందు మొదలుపెట్టాక ఇంకొకరికి అంటే భయం త్వరలోనే పోతుందని చదివి వినిపించింది. కుష్ఠు ఉందని విడాకులు అడిగే వీలును 2019లో చట్టం నుంచే తీసేశారని అన్నయ్య చెప్పాడు. అమ్మ పూర్తిగా ఒప్పుకోలేదు, కానీ ఆపలేదు. మా ఆయన, "నీ చెయ్యి నీ బతుకు. నువ్వు ఎటంటే అటే" అన్నారు.

బయాప్సీ సంగతి క్లుప్తంగానే చెప్తాను, ఎందుకంటే భయపడినంత లేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టారు. చీలమండ వెనక మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు, అది మంటే. నరం కత్తిరించేటప్పుడు ఒక్క క్షణం కరెంటు కొట్టినట్టు ఉండొచ్చని ముందే చెప్పారు, అలాగే పాదం అంచు దాకా జివ్వుమని ఆగిపోయింది. దాదాపు మూడు సెంటీమీటర్ల ముక్క తీశారని తర్వాత చెప్పారు. దాన్ని భాగాలు చేసి కొంత ఫార్మలిన్‌లో, కొంత గడ్డకట్టించి, కొంత ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కోసం వేరే ద్రావకంలో పంపుతారట. అందుకే ఈ పరీక్ష నరాల పాథాలజీ తెలిసినవాళ్లు ఉన్నచోటే చేయించుకోవాలని నా గట్టి అభిప్రాయం. ముక్క తీయడం చాలామంది సర్జన్లు చేయగలరు, దాన్ని సరిగ్గా భద్రపరిచి చదవగలిగేవాళ్లు కొద్దిమందే. సాయంత్రానికి ఇంటికి పంపారు. కాలు ఎత్తు మీద పెట్టుకోమన్నారు, కుట్లు విప్పేదాకా ఎక్కువ నడవొద్దన్నారు. మిషన్ దగ్గర కూర్చోలేదు.

రిపోర్టు వచ్చేదాకా ఉన్న టెన్షన్ కోత నొప్పికన్నా ఎక్కువ. రిపోర్టులో నరం లోపల గ్రాన్యులోమాలు, అంటే వాపు కణాలు గుంపుగా చేరిన చిన్న గడ్డలు, ఉన్నాయని, ఫైట్ అనే ప్రత్యేకమైన రంగు వేసి చూస్తే కుష్ఠు క్రిములు కొన్ని కనబడ్డాయని ఉంది. రక్తనాళాల్లో వాస్కులైటిస్ గుర్తులు లేవు. డాక్టరు గారు చదివి చెప్తుంటే నాకు కళ్లనీళ్లు వచ్చాయి. భయంతోనా, తేలిపోయిందన్న ఊరటతోనా అంటే రెండూ ఉన్నాయి.

ఒకటికన్నా ఎక్కువ నరాలు పట్టుకుంది కాబట్టి పన్నెండు నెలల కోర్సు ఇచ్చారు. మందులు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితం. నెలకొక అట్ట ఇస్తారు. మొదటి రోజు రిఫాంపిసిన్, క్లోఫజిమిన్, డాప్సోన్ మూడూ అక్కడే వాళ్ల ఎదురుగా మింగాలి. మిగతా రోజులు డాప్సోన్, చిన్న మోతాదు క్లోఫజిమిన్ ఇంట్లో. డాప్సోన్ పడుతుందో లేదో చూడటానికి ముందే జీ6పీడీ పరీక్ష చేయించారు. రిఫాంపిసిన్ వేసుకున్నరోజు మూత్రం ఎర్రగా వస్తుంది, కంగారు పడక్కర్లేదు. క్లోఫజిమిన్‌తో ఒంటి రంగు కాస్త ముదురుతుంది, మందు ఆపాక మెల్లగా తగ్గుతుందన్నారు. చేతి నరం కోసం స్టెరాయిడ్ కూడా ఇచ్చారు, మోతాదు తగ్గిస్తూ కొన్ని నెలలు. ఈసారి దేనికి ఇస్తున్నారో తెలిసి, క్రిమిని చంపే మందుతోపాటు ఇచ్చారు. మా ఆయన్నీ, పిల్లల్నీ, అమ్మనీ ఆరోగ్య కార్యకర్త వచ్చి పరీక్ష చేసి, అందరికీ ముందుజాగ్రత్తగా ఒక్క మోతాదు రిఫాంపిసిన్ ఇచ్చింది. ఎవరికీ ఏమీ లేదు. ఇది నాకు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేమన్నారు, ఒంట్లో చేరాక బయటపడటానికి ఇరవై ఏళ్లు కూడా పట్టొచ్చట.

చుట్టాల్లో కొందరికి చెప్పాం, కొందరికి చెప్పలేదు. అది మా ఇష్టం. అడిగినవాళ్లకి మా అమ్మాయే ముందు చెప్తుంది, ఏమీ తడబడకుండా.

ఇప్పుడు చిటికెన వేలికి బలం చాలావరకు వచ్చింది. వేళ్లు దగ్గరకి చేర్చి కాగితం పట్టుకుంటే డాక్టరు గారు లాగినా జారడం లేదు. స్పర్శ పూర్తిగా రాలేదు, అందుకే ఇస్త్రీ పని మా ఆయనకి అప్పగించాను, గుడ్డ పట్టుకునే తీరు మార్చుకున్నాను. కోసిన చోట చలికాలంలో జివ్వుమంటుంది. పాదం అంచు మొద్దుగానే ఉంది, ఉంటుంది కూడా. వెనక పట్టీ ఉన్న మెత్తటి చెప్పులు వేసుకుంటున్నాను. రోజూ రాత్రి పాదాలు కడిగి, గీతలూ బొబ్బలూ ఏమైనా ఉన్నాయేమో అద్దం పెట్టి చూసుకుంటాను. కోర్సులో ఇంకా కొన్ని అట్టలు మిగిలి ఉన్నాయి.